ఇంగ్లీషు పద్యానికి ఫలశ్రుతి

మా ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మెల్లగా మాట్లాడే మనిషి ఒక్కరూ ఉండేవారు కాదు. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి పూట మా వీధిలో ఏదో తగువు జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు. తగువేమీ ఉండేది కాదు. బాయిలర్ షాపులో పనిచేసే మొగుడికి పెళ్ళాం ఆ పూట ఏం కూర వండిందో చెబుతూ ఉండేది, అంతే. ఇనపరేకుల మధ్య కూర్చుని రోజంతా రివెట్లు కొట్టేవాళ్ళకు పెళ్ళయిన కొన్నేళ్ళకే చెవులు మొద్దుబారేవి, తల నెరిసేసరికి పూర్తిగా పోయేవి. రైల్వే వర్క్‌షాపు సైరన్ ఖరగ్‌పూర్ ఊరంతటినీ లేపేది గానీ, అది ఎవరి కోసం కూసేదో వాళ్ళలో చాలామందికి వినిపించేది కాదు. పెళ్ళాలు భుజం తట్టి లేపేవారు.

మా మేనత్త భర్త కూడా బాయిలర్ షాపు మనిషే. నాకు ఊహ తెలిసేసరికే ఆయనకు వినికిడి లేదు. మంచి పొడగరి, మాట తక్కువ. అత్తా ఆయనా చేతులతోనే మాట్లాడుకునేవారు. అయిదు వేళ్ళూ నోటి దగ్గర పెడితే అన్నం, పిడికిలి పైకి లేపితే సైరన్, చూపుడువేలితో ముక్కు మీద కొట్టుకుంటే మా అమ్మ. మా అమ్మంటే ముక్కే ఎందుకో ఎవరూ చెప్పలేదు. అమ్మకు మాత్రం ఆ సంగతి తెలుసు, తెలిసి కోపం కూడా వచ్చేది.

కార్తీకమాసంలో మా క్వార్టరు వరండాలో సాయంత్రం పూట పురాణం జరిగేది. అత్త పద్యం రాగం తీసి చదివేది, తర్వాత అర్థం చెప్పేది. అత్త చదువుకున్నది తక్కువే అయినా గొంతు గొప్పది, అర్థం చెప్పే తీరు ఇంకా గొప్పది. వీధిలో ఆడవాళ్ళంతా చేతుల్లో అక్షింతలు పట్టుకుని చాపల మీద కూర్చునేవారు. తెలుగు ముక్క రాని పక్క క్వార్టరు బెంగాలీ దీదీ కూడా రోజూ వచ్చి, అత్త కాస్త ఆగితే చాలు, "తార్‌పొర్?" అనేది. తర్వాతేమైందని. ఆ ఒక్క మాట మా అందరికీ తెలుసు. అత్త ఆమె కోసం చేతులు తిప్పుతూ ఏదో వచ్చీరాని బెంగాలీలో చెప్పేది.

మావయ్య ఆ కార్తీక సాయంత్రాలకు తప్పకుండా వచ్చేవాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అందరికన్నా ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. అయితే అత్త వైపు తిరిగి కాదు. అత్తకు వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. ఒక్కరోజు కాదు, ప్రతి ఏడూ, ప్రతి సాయంత్రమూ అంతే. "మావ పహరా కాస్తన్నాడర్రా, కునుకు తీస్తే పట్టేస్తాడు" అని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. వినపడని వాడికి పురాణమేమిటని ఇంకొందరు నవ్వేవారు. ఆయన కూడా వాళ్ళని చూసి నవ్వేవాడు.

అత్తకు మాత్రం అది కాల్లో ముల్లులా ఉండేది. ఇటు తిరగమని సైగ చేసేది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ అటే తిరిగేవాడు. ఒకరోజు మా వంటగదిలో కూర తరుగుతూ అత్త అమ్మతో అన్నది నాకు బాగా గుర్తు.

"ఇనపడదు, సరే, అది దేవుడు రాసిన రాత. కల్లున్నాయి కదొదినా. నాను పద్దెం పాడతంటే నా మొకమైనా సూడ్డేటి? గోడకి సెప్పుకున్నట్టు ఆ ఈపుకి సెప్పుకుంతన్నాను."

"నీ మొకం రోజూ సూస్తన్నాడు గావాల. ఆ పూటైనా సెలవు దొరికిందనుకున్నాడేమో" అంది అమ్మ.

వదినా ఆడపడుచుల మధ్య ఆ మాత్రం ఎకసెక్కం మామూలే. ఇద్దరూ నవ్వారు. కానీ అత్త నవ్వు పూర్తిగా నవ్వలేదు.

ఒక వానాకాలం జ్వరం వచ్చి మావయ్య పోయాడు. పిల్లలు లేరు. అత్త తన క్వార్టరు ఖాళీ చేసి ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికొచ్చింది. శ్రీకాకుళం వైపు సొంతూళ్ళో ఉన్న బావగారు, అంటే మావయ్య అన్నగారు, వచ్చి తమ ఇంట్లో ఉండమని కబురు పెట్టాడు. అత్త వెళ్ళింది. వెళ్ళిన మనిషి కొన్నాళ్ళకు సగమై తిరిగొచ్చింది. అక్కడ ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. అరచేతులు మాత్రం చూశాను. పొయ్యిదగ్గరా పశువులదగ్గరా పనిచేసిన చేతులు అబద్ధం చెప్పవు.

ఆ రోజుల్లోనే మా వీధికి దగ్గర్లో ఉన్న తెలుగు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పే పని ఒకటి ఖాళీ కాబోతోందని నాన్న వినొచ్చాడు. బడి పెద్దాయనకు అత్త పురాణం సంగతి తెలుసు. మెట్రిక్ పాసైతే తప్పకుండా తీసుకుంటానన్నాడు. అత్త పరీక్షకు ప్రైవేటుగా కట్టింది. తెలుగూ లెక్కలూ అన్నీ గట్టెక్కాయి. ఇంగ్లీషు పోయింది. బడి పెద్దాయన ఇంకో ఏడాది ఆగుతానన్నాడు, ఆపైన ఆగలేనన్నాడు. అటు బావగారు కూడా ఇంకో ఏడాదే ఆగుతానన్నాడు. ఆడది పుట్టింట ఎన్నాళ్ళుంటుందని ఆయన బాధ. ఈసారి ఇంగ్లీషు తప్పితే వేసవిలో వచ్చి తీసుకుపోతానన్నాడు. నాన్న అడ్డం చెప్పలేకపోయాడు. అరవైల మొదట్లో మా ఇళ్ళల్లో పెద్దల మాటకు అడ్డం చెప్పే అలవాటు ఇంకా రాలేదు.

అలా ఆ ఏడాది అత్త బతుకంతా ఒక ఇంగ్లీషు రీడరు మీదికొచ్చి నిలబడింది.

మా వీధి చివర ఒక టీచరమ్మగారు ఉండేవారు. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉండేది, కానీ చదువు చెప్పమని అడిగితే కాదనేవారు కాదు. సాయంత్రాలు అత్త ఆవిడ దగ్గరకు పోయేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను కాబట్టి నన్నూ తోడు తీసుకెళ్ళేది.

"ప్రతి వాక్యంలో చేసేవాడు ఎవడో చూడు. చేసిన పనేంటో చూడు. ఈ రెండూ దొరికితే మిగతాదంతా వాటికి తగిలించిందే" అనేవారు టీచరమ్మగారు.

అత్తకు ఒకటి మింగుడుపడేది కాదు. 'ఆయన ఫిట్టరు' అని మనం అంటే చాలు, ఎవరికైనా తెలుస్తుంది. ఇంగ్లీషులో మాత్రం ఆ రెండు మాటల మధ్య 'ఈజ్' అని ఒకటి పెట్టి తీరాలి. అర్థమేమిటని అడిగితే దానికంటూ పెద్ద అర్థమేమీ లేదన్నారు టీచరమ్మగారు. అర్థం లేనిదాన్ని ఎందుకు పెట్టాలని అత్త పంతం. కొన్నాళ్ళు ఆ పంతం సాగింది. ఒకరోజు యార్డు పక్కనుంచి వస్తూ, షంటింగు జరుగుతుంటే అత్త నిలబడిపోయింది. రెండు వేగన్లు వచ్చి ఢీకొన్నాయి. ఒకతను దూరి మధ్యలో కొక్కెం తగిలించాడు. అవి కదిలాయి.

"ఓసినీ. కప్లింగే" అంది అత్త. "సామాను డబ్బాల్లోనే ఉంటది. కొక్కేనికేటి అర్తం? అది నేపోతే బండి కదల్దు, అదీ దాని అర్తం."

ఆ మాట విని నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. నాకు ఇంగ్లీషు గ్రామరు బెత్తం దెబ్బలతో వచ్చింది. అది ఎవరో ఆలోచించి కట్టినదనీ, లోపల పట్టాలూ కొక్కేలూ ఉన్నాయనీ నాకెప్పుడూ తోచలేదు. ఆ తర్వాత నాకు తెలుగు వాక్యాన్ని చూసినా అదే ఆశ్చర్యం. మన వాక్యంలో పని చివరికొస్తుంది, ఇంగ్లీషులో ముందుకొస్తుంది. "మనకి ఇంజను ఎనకనుండి తోస్తది, ఆల్లకి ముందునుండి లాగుద్ది. ఎలగైనా స్టేషనుకి సేరతాం" అని అత్త తేల్చేసింది. 'ఈజ్' మరిచిపోతే టీచరమ్మగారు కూడా "కప్లింగు ఊడింది చూడు" అనడం మొదలుపెట్టారు.

గ్రామరు అలా దారిలో పడింది. పద్యాలే పడలేదు.

పరీక్షలో పద్యాల మీద ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది. ఈ పద్యం సారమేమిటి, కవి ఏం చెప్పదలచుకున్నాడు అని. దానికి బజారులో గైడు దొరికేది. ప్రతి పద్యానికీ కింద ఒక ముక్కలో సారం రాసి ఉండేది. కర్తవ్యదీక్ష, దేశభక్తి, ప్రకృతి సౌందర్యం, ఇలా. ఏ కవి ఏ బాధతో ఏం రాసుకున్నా గైడువాడికి ఓ అరడజను సీసాలే ఉండేవి. ఏదో ఒకదాంట్లో పోసి మూత పెట్టేసేవాడు. పోయిన ఏడు అత్త ఆ మూతలన్నీ బట్టీపట్టి, పరీక్షలో వాన పద్యానికి యుద్ధం పద్యం సారం రాసింది. వానలో దేశభక్తి ఎక్కడుందో ఆ దిద్దినాయనకు దొరికి ఉండదు.

ఈసారి కూడా టీచరమ్మగారు అదే దారి చెప్పారు. "బట్టీ పట్టు, కానీ వరస తప్పకు. నీకు టైము లేదు." అత్త పొద్దున్నే లేచి పట్టేది. సాయంత్రానికి వదిలేసేది. ముఖ్యంగా ఒక పద్యం అసలు నిలిచేది కాదు. గంటలు పోతపోసే ఒక ముసలివాడి గురించిన పాత పద్యం. దాని కింద గైడులో 'కర్తవ్యదీక్ష' అని ఉంది. అత్త దాన్ని ఎన్నిసార్లు చదివినా మర్నాటికి 'దైవభక్తి' అనేది. ఆ పద్యంలో ఒక లైనును టీచరమ్మగారు గ్రామరుకు కూడా వాడారు. 'అతను గోపురానికి వీపు తిప్పాడు' అని ఆ లైను. చేసేవాడెవడు, పనేంటి, ఏ కాలం, అన్నీ అత్త టకటకా చెప్పేసేది. ఆ చేసేవాడు ఎవడో, ఎందుకలా చేశాడో అడగాలని మాకు ఇద్దరికీ తోచలేదు. విప్పి కుప్పపోసిన సామాను చూస్తున్నాం మేం, బండిని చూడలేదు.

కార్తీకం వచ్చింది. మావయ్య పోయాక మా వరండాలో పురాణం ఆగిపోయింది. అత్త చదవనంటే చదవనంది. ఆ ఏడు కూడా సాయంత్రం దీపాలు పెట్టాక ఆడవాళ్ళు అలవాటు చొప్పున వచ్చి కూర్చుని, ఊరికే కబుర్లాడుకుని వెళ్ళిపోతున్నారు. ఎదురింటి మామ్మకు అది నచ్చలేదు. మామ్మ కొడుకు ఫౌండ్రీ షాపులో పోతపనివాడు. ఆమె మాట వీధిలో చెల్లేది.

"పున్నం వస్తంది. ఒక్క కతైనా ఇనకండా కార్తీకం ఎల్లిపోతదేటి?" అంది మామ్మ.

అత్త లోపల గైడు పట్టుకుని గొణుక్కుంటోంది. అమ్మకు విసుగు పుట్టింది. "ఏటే, రోజంతా ఆ ఇంగిలీసు మంత్రం గొనుగుతన్నావు కదా. అదేదో ఈల్లకి సెప్పు. ఈల్లకి పున్యం, నీకు సదువు."

అందరూ నవ్వారు. అత్తకు రోషమొచ్చింది. గైడు అవతల పడేసి, రీడరు తీసుకుని వరండాలోకి వచ్చి పీట మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను లైను చదవాలి, తను అర్థం చెప్పాలి. ఏ పద్యమని అడిగాను. "ఆ గంటలోడిదే తీయ్. ఆడే నా పానం తీస్తన్నాడు" అంది.

ఈలోగా మామ్మ తన పని తాను చేసుకుపోయింది. పురాణమంటే పుస్తకానికి బొట్టు పెట్టాలి కదా. ఇంగ్లీషు రీడరు అట్ట మీద కుంకం బొట్టు పెట్టి, అందరికీ తలా కాసిన్ని అక్షింతలు పంచింది. అత్త ఇంగ్లీషు పద్యం చెబుతోందని ఎవరు చెప్పారో, టీచరమ్మగారు కూడా చేతికర్రతో వచ్చారు. "మీ పురాణానికి నేను రాను గానీ నా పాఠానికి రావచ్చు" అని వరండా చివర కుర్చీ వేయించుకున్నారు. బొట్టు చూశారు. "ఆ తడి లోపలికి దిగితే అక్షరాలు పోతాయమ్మా" అని మాత్రం అన్నారు.

నేను చదవడం మొదలుపెట్టాను. అత్త ఒక్కో లైనుకు ఆగి, పురాణం గొంతుతో అర్థం చెప్పింది. ఎక్కడో దూరదేశంలో ఒక పట్నం. అక్కడొక ముసలివాడు గంటలు పోతపోస్తాడు. చిన్నప్పట్నుంచీ అదే పని.

"పోతంటే మావోడి పనే కదేటి" అంది మామ్మ, నిటారుగా కూర్చుంటూ.

"ఆ పనే పిన్నీ. మట్టి మూస కట్టి, కంచు కరిగించి పోస్తాడు. పోసిన ప్రతి గంటనీ కొట్టి కొట్టి సూస్తాడు. అలగ కొట్టీ కొట్టీ ఆడి సెవులు పోనాయి."

అక్కడున్న వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో చెవులు పోయిన మొగాళ్ళున్నారు. ఆ తెల్లకవి ఎప్పుడో చచ్చిపోయి ఉంటాడు. ఖరగ్‌పూర్ పేరు విని ఉండడు, బాయిలర్ షాపు అన్నది పుట్టకముందే రాసి ఉంటాడు. అయినా ఆ లైనుకు మా వీధి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కవిత్వమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ చాపల మీదే అని ఇప్పటికీ అంటాను.

"తార్‌పొర్?" అంది దీదీ. అత్త చెవులు చూపించి చేతులు తిప్పింది. దీదీకి అర్థమైంది. వాళ్ళాయన గుమాస్తాయే అయినా ఆమె మా మధ్యే కాపురముంది.

కథ నడిచింది. ముసలివాడు ఆఖరిసారి ఒక పెద్ద గంట పోశాడు. అంత గంట ఆ దేశంలోనే లేదు. దాన్ని ఎద్దులబండ్ల మీద లాక్కెళ్ళి, ఎత్తైన గోపురానికి కట్టారు. మొదటిసారి మోగించే రోజొచ్చింది. పట్నమంతా వచ్చి మైదానంలో నిలబడి గోపురం వైపు తలెత్తి చూస్తోంది. నేను తర్వాతి లైను చదివాను. మేం అన్నిసార్లు విప్పి కుప్పపోసిన లైను.

"అందరూ గంట వేపే సూస్తన్నారు" అంది అత్త. "ఈడొక్కడే గోపరానికి ఈపు తిప్పి, జనం వేపు మొకం పెట్టి నిలబడ్డాడు."

"అదేటి?" అంది వెనకనుంచి ఒకామె. "తను పోసిన గంటే కదా. ఆడే అటు సూడ్డేటి?"

"సూసి ఏటి సేస్తాడు, ఇనపడదు కదా. అందుకని, గంట మోగినప్పుడు జనం మొకాలు..."

అత్త ఆగిపోయింది.

నేను తల తిప్పి చూశాను. అత్త వరండాలో ముందు భాగం వైపు చూస్తోంది. మావయ్య స్టూలు వేసుకునే చోటు. అక్కడిప్పుడు చాప పరిచి ఉంది, ఎవరూ కూర్చోలేదు. కావాలని వదిలేశారో, అలా జరిగిందో నాకు తెలియదు.

"తార్‌పొర్?" అంది దీదీ, మెల్లగా.

అమ్మ గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడి ఉంది. ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది. ఉతికిన పంచె, ఎత్తైన ఆ వీపు, జనాన్ని చూసి ఆ నవ్వు. ఆయన పహరా కాయలేదు. అత్త పాడుతుంటే ఎవరి కళ్ళు చెమ్మగిల్లుతున్నాయో, ఎవరు నవ్వుతున్నారో, ఎవరు చంటిదాన్ని ఊపడం మరిచిపోయారో చూసేవాడు. తన పెళ్ళాం పద్యాన్ని ఆయన ప్రతి ఏడూ, ప్రతి సాయంత్రమూ మా మొహాల మీద విన్నాడు. అత్త వైపు తిరిగితే కదులుతున్న పెదాలు కనిపిస్తాయి. పద్యం కనిపించేది ఇటే.

మిగిలిన నాలుగు లైన్లూ అత్త చదవమంటేనే చదివాను. గంట మోగింది. ముసలివాడు మొహాలన్నీ చూశాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా ఇంటికి వెళ్ళిపోయాడు. అక్కడితో పద్యం అయిపోయింది.

అయిపోయిందని చెప్పినా ఎవరూ లేవలేదు. అందరి పిడికిళ్ళలో అక్షింతలున్నాయి. మా అలవాటు ప్రకారం కథ అయ్యాక ఫలశ్రుతి చెప్పాలి. ఈ కథ విన్నవారికి ఈ ఫలం కలుగుతుందని చెబితేనే అక్షింతలు తల మీద వేసుకుంటారు. లేకపోతే కథ ముగిసినట్టు కాదు.

"పలం సెప్పమ్మా" అంది మామ్మ. "పలం సెప్పకండా అచ్చింతలు ఎలగేసుకుంటాం?"

"ఇంగ్లీషు పద్యానికి ఫలశ్రుతి ఉండదండీ" అన్నాను నేను, తెలివిగా.

"పలం నేని కత ఉంటదేటి? మరెందుకు సెప్పినట్టు?" అంది మామ్మ.

నేను టీచరమ్మగారి వైపు చూశాను. ఆవిడ గైడులో ఉన్న ముక్క చెప్పేస్తారనుకున్నాను. చెప్పలేదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి అత్తనే చూస్తున్నారు.

అత్త పుస్తకం మూసి, పురాణం గొంతుతో కాదు, మామూలు గొంతుతో చెప్పింది.

"ఈ కత ఇన్నోల్లకి, తమ కోసరం ఎవులు ఏటి సేసినారో తెలిసొస్తది. ఆలిస్యమైనా తెలిసొస్తది."

అందరూ అక్షింతలు తల మీద వేసుకున్నారు. మామ్మ అలవాటు కొద్దీ కర్పూరం వెలిగించి రీడరుకు హారతి తిప్పింది. టీచరమ్మగారు లేచి వచ్చారు. ఏమంటారో అని భయపడ్డాను. ఆవిడ పుస్తకం అంచులు నిప్పుకు తగలకుండా చేత్తో అడ్డం పెట్టి నిలబడ్డారు, హారతి అయ్యేదాకా.

ఆ తర్వాత పున్నమి దాకా రోజుకో పద్యం. వాన పద్యానికి ఒక ఫలం, యుద్ధం పద్యానికి ఒక ఫలం. ఒక్కోదానికి ఆడవాళ్ళు తగువులాడుకునేవారు. రాజు చచ్చిపోయిన పద్యానికి ధైర్యం ఫలమని అత్త అంటే, కాదు, పెళ్ళాం మాట వినకపోతే ఇంతేనన్నది ఫలమని అమ్మ పట్టుపట్టింది. పద్యంలోంచి చూపించమంది అత్త. అమ్మ చూపించింది కూడా. గైడు ఎక్కడ పడి ఉందో ఎవరికీ గుర్తులేదు.

పరీక్షలో ఆ గంటల పద్యమే వచ్చింది. అత్త బయటికి రాగానే టీచరమ్మగారు అడిగారు.

"కర్తవ్యదీక్ష అని రాశావా?"

"నేదండి. మీరు నేర్పిన ఇంగిలీసులో నాకు తెలిసింది రాసినాను. సిన్న సిన్న వాక్యాలే. కప్లింగులన్నీ ఉన్నాయో నేదో రెండు మాట్లు సూసుకున్నాను."

టీచరమ్మగారి మొహం మారింది. దిద్దేవాడు గైడు చూసే దిద్దుతాడని ఆవిడకు తెలుసు. ఆ భయం మా ఇంట్లో వేసవి దాకా ఉంది. అమ్మ అత్తను ఎకసెక్కమాడటం మానేసింది. అంతకన్నా పెద్ద భయం నేను చూడలేదు. బావగారు వస్తానన్న రోజులు దగ్గరపడ్డాయి. అత్త ట్రంకుపెట్టె దులిపి, బట్టలు మడతపెట్టి పెట్టుకుంది.

ఫలితాలు వచ్చిన రోజు నాన్న చూసి రావడానికి వెళ్ళాడు. మామూలుగా నాన్న వీధి మొదట్లో ఉండగానే మాట ఇంట్లోకి వచ్చేది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. గుమ్మం దాకా వచ్చేశాడు. అత్త స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. నాన్న చెప్పులు విప్పి, అత్త దగ్గరకు వచ్చి, నా ఎరుకలో మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"పాసయినావమ్మీ" అన్నాడు.

అత్త ఆ బడిలో చేరింది. కొన్నాళ్ళకు ఒకరోజు క్యారియరు మరిచిపోయి వెళితే ఇవ్వడానికి నేను వెళ్ళాను. పిల్లలంతా నేల మీద వరసల్లో ఉన్నారు. ఒక చిన్నపిల్ల మాత్రం అత్త కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చెవుల్లో దూది. చెవులు కారి కారి ఆ పిల్లకు సరిగ్గా వినిపించదని అత్త చెప్పింది. లెక్కలు చెబుతున్నంతసేపూ అది అత్త పెదాలనే చూస్తూ కూర్చుంది. లెక్కలు అయ్యాయి. అత్త పద్యాల పుస్తకం తీసింది.

ఆ పిల్లను అందరి ముందూ ఎందుకు కూర్చోబెట్టావని అడిగాను.

"పాటమప్పుడు నా వేపు" అంది అత్త. "పద్దెమప్పుడు ఆల్ల వేపు."

ఆ పిల్ల అప్పటికే స్టూలు తిప్పుకుంటోంది.